మా సుబ్బారావులు

నా పేరు సుబ్బారావు. ఫోన్‌లో ఈ మాట చెబితే "ఏ సుబ్బారావు?" అని అడిగేవాళ్ళే తప్ప "ఓహో, మీరా!" అనేవాళ్ళు తక్కువ. అరవై దాటిన మగవాళ్ళు నలుగురు కూర్చున్న చోట మా వాడొకడు ఉండకుండా ఉండడు. అదే ఏ ఎల్కేజీ క్లాసుకో వెళ్ళి "సుబ్బారావ్" అని పిలిచి చూడండి, ఒక్క తల కూడా ఇటు తిరగదు. మా తరంతో దాదాపు ఆఖరైపోతున్న పేరిది. ఆ పేరు పెట్టుకుని ఇన్నేళ్ళు బతికినందుకు, పేరున్న మా వాళ్ళ గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలు రాసిపెడదామని కూర్చున్నాను.

మా పేరు ఇంతగా పెరగడానికి కారణం సుబ్బారాయుడు. పిల్లలు ఆలస్యమైతే సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కుకోవడం, పుట్టలో పాలు పోయడం, పుట్టాక ఆయన పేరు పెట్టడం కోస్తా జిల్లాల్లో మామూలే. మా అమ్మ మోపిదేవికి మొక్కుకుంది. మొక్కు రెండుసార్లు ఫలించింది. మా అక్క సుబ్బలక్ష్మి, నేను సుబ్బారావు. ఇందులో మా ఇష్టాయిష్టాలకు చోటే లేదు. పేరు మార్చుకుంటానని టెన్త్ ఫారం నింపే రోజుల్లో ఒకసారి గొడవ చేశాను గానీ, "దేవుడి పేరు తీసేస్తే కళ్ళు పోతాయి" అని మా నాయనమ్మ ఒక్క మాటతో తేల్చేసింది.

స్కూల్లో మా క్లాసులో సుబ్బారావులం ముగ్గురం. ఒకడు నల్ల సుబ్బారావు, ఒకడు పొట్టి సుబ్బారావు, నేను కళ్ళజోడు సుబ్బారావు. హాజరు పిలిచేటప్పుడు మాస్టారు మాత్రం ఇంటిపేర్లతో పిలిచేవారు. అల్లరి చేసినప్పుడు "ఒరే సుబ్బారావ్!" అని అరిస్తే ముగ్గురం లేచి నిలబడేవాళ్ళం. ఎవడు చేశాడో తేల్చే ఓపిక ఆయనకు ఉండేది కాదు. ముగ్గురికీ పడేవి.

ఆ రోజుల్లోనే తెలుగు వాచకంలో రాయప్రోలు సుబ్బారావు గారు తగిలారు. "ఏ దేశమేగినా" పద్యం తెలుగు బడికి వెళ్ళిన ఎవరికైనా నోటికి వస్తుంది. పద్యం అయ్యాక కవి పరిచయం చదివించారు. 1892లో గుంటూరు జిల్లాలో పుట్టారు, శాంతినికేతనంలో ఉండి వచ్చారు, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పారు, భావకవిత్వానికి దారి వేశారు, అమలిన శృంగారం అనే మాటను నిలబెట్టారు. ఆ శృంగారం అన్న చోట వెనక బెంచీ వాళ్ళు కిసుక్కున నవ్వారు. "మన సుబ్బిగాడిలో ఇంత ఉందా" అన్నాడొకడు. మాకు ముగ్గురికీ మాత్రం ఆ రోజు కాస్త ఛాతీ పెరిగింది. వాచకంలో మా పేరు అచ్చయింది మరి.

తరవాత రేడియోలో ఎంకి పాటలు. వంటింట్లో రేడియో పెట్టుకుని మా అమ్మ పని చేసుకునేది. లలిత సంగీతం వచ్చే వేళకి ఎంకీ నాయుడుబావా వినిపించేవాళ్ళు. రాసింది నండూరి సుబ్బారావు అని అనౌన్సర్ చెప్పగానే నేను గబుక్కున "అమ్మా, మా వాచకంలో ఉన్నాయనే" అన్నాను. "కాదురా, ఈయన వేరు. ఈయన ఏలూరు ప్లీడరు గారు" అంది. ఇద్దరు కవులు, ఇద్దరూ ప్రేమ గురించే రాశారు, ఇద్దరూ ఒకే కాలం వాళ్ళు. పిల్లవాడికి తేడా ఎలా తెలుస్తుంది? ఇప్పుడు చూస్తే ఆ ఇద్దరికీ ఎంత దూరం! రాయప్రోలు వారిది సంస్కృతం కలిసిన మర్యాద, ముట్టుకుంటే మాసిపోతుందేమో అన్నట్టుండే ప్రేమ. నండూరి వారి ఎంకి చేలగట్టున నడిచే మనిషి, మాట్లాడే భాషే పాడే భాష. 1925లో ఆ పాటలు పుస్తకంగా వచ్చినప్పుడు, పల్లెటూరి పిల్ల నాయికేమిటి, ఆ భాషేమిటి అని ముఖం చిట్లించిన పండితులున్నారు. నన్నడిగితే నేను ఎంకి పక్షమే. మా అమ్మ పాడుకున్నది ఆ పాటలే కాబట్టి నా తీర్పు కొంచెం ఏకపక్షం అనుకోండి.

ఇక యల్లాప్రగడ సుబ్బారావు గారు మా ఇంటికి మాత్రల రూపంలో వచ్చారు.

మా వైపు బోదకాలు ఎక్కువ. వీధికి ఇద్దరు ముగ్గురైనా కాలు వాచినవాళ్ళు కనిపించేవాళ్ళు. ఫైలేరియా శాఖ వాళ్ళు రక్తం తీసుకోవడానికి రాత్రిపూట వచ్చేవారు, అందరూ భోజనాలు చేసి పడుకునే వేళకి. ఆ క్రిములు పగలంతా లోపలెక్కడో దాక్కుని రాత్రివేళే పైరక్తంలోకి వస్తాయి కాబట్టి వాళ్ళు ఆ వేళకే రావాలి. నిద్రమత్తులో ఉన్న నన్ను లేపి, వేలి కొన దూదితో తుడిచి, సూదితో గుచ్చి, పైకి వచ్చిన బొట్టును గాజు పలక మీద గుండ్రంగా పూసి, అంచున నంబరు వేసేవారు. టార్చిలైటు మా బాబాయి పట్టుకునేవాడు. కొన్నాళ్ళకి ఎవరి రక్తంలో ఉందో వాళ్ళకి మాత్రలు వచ్చేవి. వేసుకుంటే కొందరికి జ్వరం, తల తిరుగుడు. అందుకని సగం మంది చూరులో దాచేసి మింగామని చెప్పేవాళ్ళు. మా బాబాయి ఆసుపత్రిలో కాంపౌండరు. నేను మాత్ర మింగనని ఏడుస్తుంటే "ఒరే, ఇది కనిపెట్టింది నీ పేరుగలాయనేరా, భీమవరంలో పుట్టాడు" అన్నాడు. ఏడుపు ఆపించడానికి చెప్పిన కట్టుకథ అనుకున్నాను. పెద్దయ్యాక చదివితే అక్షరాలా నిజం.

1895లో భీమవరంలో పుట్టారాయన. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాసులో డాక్టరీ చదివేటప్పుడు గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌను తొడుక్కుని వెళ్ళినందుకు ప్రొఫెసరుకి కోపం వచ్చి, చివరికి ఎంబీబీఎస్ కాకుండా ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. మామగారి సాయంతో అమెరికా వెళ్ళారు, మళ్ళీ తిరిగి రాలేదు. హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాలకు శక్తి ఎక్కడినుంచి వస్తుందో తేల్చే పని చేశారు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళాక ఆయన చేతి కింద ఫోలిక్ యాసిడ్ తయారైంది, ఫైలేరియా మందు హెట్రజాన్ తయారైంది, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది, పిల్లల రక్త కాన్సరుకు వాడిన తొలి మందు వచ్చింది. ఇందులో ఏ ఒక్కటి చేసినా ఒక జీవితానికి చాలు. 1948లో, 53 ఏళ్ళకే నిద్రలో పోయారు. మన తపాలా శాఖ ఆయన పేర బిళ్ళ వేసింది 1995లో, శతజయంతికి. నోబెల్ సంగతి ఎత్తితే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది కాబట్టి ఎత్తను.

ఈ యల్లాప్రగడ వారితో పాటు ఒక తల్లాప్రగడ వారు కూడా ఉన్నారని తెలిసింది బ్యాంకు పరీక్షలకు చదివే రోజుల్లో. జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో మొదట చూసినప్పుడు అచ్చుతప్పు అనుకుని పెన్సిలుతో దిద్దబోయాడు నా రూమ్మేటు. తల్లాప్రగడ సుబ్బారావు గారు కాకినాడ వైపు మనిషి, మద్రాసులో వకీలు. దివ్యజ్ఞాన సమాజం, అదే థియొసాఫికల్ సొసైటీ వాళ్ళు మద్రాసుకు వచ్చి అడయారులో స్థిరపడటం వెనక ఆయన ఉన్నారు. 1886లో ఆయన గీత మీద ఇచ్చిన ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చాయి. ముప్ఫయి నాలుగేళ్ళయినా నిండకుండా 1890లో పోయారు. ఈయన పుట్టింది 1856. సరిగ్గా అదే ఏడాది పుట్టిన ఇంకో సుబ్బారావు రాజమండ్రి వకీలు న్యాపతి సుబ్బారావు పంతులు గారు, ఆంధ్ర భీష్మ అనేవారు ఆయన్ని. 1878లో మద్రాసులో ఆరుగురు కుర్రాళ్ళు అప్పు చేసి 80 కాపీలతో మొదలుపెట్టిన పత్రికే ఇవాళ్టి హిందూ. ఆ ఆరుగురిలో ఈయన ఒకరు. 1941 దాకా బతికారు. ఒకే ఏడు పుట్టిన ఇద్దరు సుబ్బారావుల్లో ఒకాయన వెళ్ళిపోయాక ఇంకొకాయన యాభై ఏళ్ళు ఉన్నారన్నమాట.

పరీక్షల కోసం చదివింది పరీక్షల్లో రాలేదు గానీ, మా వాళ్ళను పోగుచేసే పిచ్చి అక్కడే పట్టుకుంది. డైరీ వెనక పేజీల్లో పేర్లు రాసుకునేవాణ్ణి. రాయలసీమ నుంచి ఎవరూ లేరని నా రూమ్మేటు వెక్కిరిస్తే, హిందూపురం వైపు స్వాతంత్ర్య సమరంలో పనిచేసి, లేపాక్షి గుడి కోసం పాటుపడిన కల్లూరు సుబ్బారావు గారిని వెతికి పట్టుకుని వాడి నోరు మూయించాను.

సినిమా పేజీలో గోవిందరాజుల సుబ్బారావు గారు ఉండేవారు. పల్నాటి యుద్ధంలో బ్రహ్మనాయుడు, కన్యాశుల్కంలో లుబ్ధావధాన్లు, ఈ రెండూ ఒకే మనిషి చేశారంటే నమ్మబుద్ధి కాదు. ఒకచోట ఆ నిండుదనం, ఇంకోచోట ఆ పిసినారి ముసలాడి వణుకు. నాకు ఆయనలో ఇష్టమైనది 1950లో వచ్చిన షావుకారు సినిమాలో చెంగయ్య వేషం. వడ్డీ లెక్కల చెంగయ్య అంటే నిజానికి ఆ షావుకారు ఆయనే. కానీ ఆ పేరు ఆయనకు అతకలేదు. అదే సినిమాతో పరిచయమైన జానకి గారికి అతుక్కుపోయింది, జీవితాంతం ఆవిడ షావుకారు జానకి అయ్యారు. గాయని జానకి గారు వేరే ఉన్నారు కాబట్టి ఆ గుర్తు అవసరమూ అయింది. సినిమా వాళ్ళలో ఒకే పేరువాళ్ళు ఎక్కువైతే ఇలా సినిమా పేరే ఇంటిపేరవుతుంది. సాక్షి రంగారావు, శుభలేఖ సుధాకర్, అల్లరి నరేష్, అందరూ అలా వచ్చినవాళ్ళే.

ఇక్కడే నాకొక సంగతి తట్టింది. మన దగ్గర సుబ్బారావు గొప్పవాడైతే ముందు ఊడిపోయేది సుబ్బారావే. రాయప్రోలు అంటాం, నండూరి అంటాం, న్యాపతి వారంటాం. మా మాస్టారు హాజరు పట్టీలో చేసిన పనే లోకమూ చేస్తుంది. అందరికీ ఉన్న పేరుతో మనిషిని పట్టుకోలేం కదా, ఇంటిపేరు పట్టుకుని లాక్కొస్తాం. అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ వారికి మాత్రం తిరగబడింది. అక్కడివాళ్ళకి యల్లాప్రగడ నోరు తిరగలేదేమో, సుబ్బారావే నిలిచింది. ఫాస్ఫరస్ కొలిచే ఆ పద్ధతిని ఈనాటికీ ల్యాబుల్లో ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే అంటారు. ఒక రకం ఫంగస్‌కి కూడా సుబ్బారోమైసిస్ అని పెట్టారు. ఆ సంగతి చెబితే "ఆఖరికి బూజుకి కూడా మీ పేరేనా" అంది మా ఆవిడ.

కోకా సుబ్బారావు గారి గురించి నాకు చెప్పింది మా బావమరిది, లా చదివేవాడు. 1902లో రాజమండ్రిలో పుట్టి, 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు మొదటి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, 1966లో దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అందరూ చెప్పేది గోలక్‌నాథ్ కేసు, 1967. ప్రాథమిక హక్కుల్ని తగ్గించే సవరణ పార్లమెంటు చేయకూడదని ఆరుగురు ఒకవైపు, ఐదుగురు ఒకవైపు. ఆ ఆరుగురికి పెద్ద ఈయన. తరవాత రెండు నెలలైనా కాకముందే పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికల్లో ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలబడి, జాకీర్ హుస్సేన్ గారి చేతిలో ఓడిపోయారు. ఆ పని చేయకుండా ఉంటే బాగుండేదని మా బావమరిదీ అంటాడు, నేనూ అంటాను.

నాకు నచ్చిన కేసు అది కాదు. 1962లో ఖరక్ సింగ్ అనే ఆయన కేసు. పోలీసులు అనుమానంతో రాత్రిపూట ఇంటికొచ్చి తలుపు తట్టేవాళ్ళు, వెంట తిరిగేవాళ్ళు. రాత్రిపూట ఇంటిమీదికి రావడం తప్పేనని కోర్టు అంది గానీ, గోప్యత అనేది హక్కేమీ కాదంది. కోకా వారు ఒప్పుకోలేదు. మనిషి స్వేచ్ఛలో అతని ఏకాంతం కూడా భాగమే అని వేరే తీర్పు రాశారు, జస్టిస్ షా ఆయనతో కలిశారు. అప్పుడు అది ఓడిన పక్షం. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు కూర్చుని గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పినప్పుడు ఆ పాత మాటే గెలిచింది. అప్పటికి ఆయన పోయి నలభై ఏళ్ళు దాటింది. ఆ తీర్పు వచ్చిన రోజు మా బావమరిది ఫోన్ చేసి "బావా, మీ వాడు గెలిచాడు" అన్నాడు. మా ఇంటి తలుపు రాత్రిళ్ళు తట్టిన ఫైలేరియా వాళ్ళు గుర్తొచ్చారు నాకు. వాళ్ళు కనీసం మాత్రలిచ్చారు.

బ్యాంకు ఉద్యోగం నాకు చివరికి వచ్చింది. చాలా ఏళ్ళు క్యాష్‌లోనే కూర్చున్నాను. 2008 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు గవర్నరుగా దువ్వూరి సుబ్బారావు గారు వచ్చారని పేపర్లో చూడగానే మా బ్రాంచిలో సందడి. ఏలూరులో పుట్టి, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, 1972లో ఐఏఎస్‌లో దేశానికే మొదటి ర్యాంకు తెచ్చుకున్నాయన. అయిదో తారీకున కుర్చీలో కూర్చున్నారు, పదిహేనో తారీకున అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలింది. కొత్త ఉద్యోగంలో మొదటి పది రోజులు నాకు క్యాలిక్యులేటరు ఎక్కడుందో తెలియలేదు. ఆయన మీదికి ప్రపంచమే కూలింది.

కొన్నాళ్ళకి ఆయన సంతకంతో కొత్త కట్టలు వచ్చాయి. గవర్నరు సంతకం నోటు మీద హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. కట్ట బ్యాండు చింపి వంద నోట్లు చేతిలో విసనకర్రలా పరిచి చూస్తే, ప్రతిదాని మీదా సుబ్బారావు. కొత్త నోటు అంచు పదును, ఆ వాసన, వాటి మధ్య వరసగా నా పేరు. క్యాష్‌లో ఇన్నేళ్ళు ఎవరెవరి సంతకాలో లెక్కపెట్టాను, ఏ ఒక్కటీ ఇలా అనిపించలేదు. మా అటెండరు తొంగిచూసి "సార్, చెల్లిస్తానని మీరే రాసిచ్చారు, నా అడ్వాన్సు సంగతి కూడా చూడండి" అన్నాడు.

ఇక్కడో చిన్న తమాషా. రూపాయి నోటు మీద గవర్నరు సంతకం ఉండదు, ఆర్థిక కార్యదర్శి సంతకం ఉంటుంది. దువ్వూరి వారు గవర్నరు కాకముందు ఆర్థిక కార్యదర్శే. కానీ రూపాయి నోటు అచ్చు 1994లో ఆపేసి మళ్ళీ 2015లో మొదలుపెట్టారు. ఆయన హయాం మధ్యలో పడింది. లేకపోతే పిల్లలు దాచుకునే రూపాయి నోటు మీద కూడా మా పేరే ఉండేది.

ధరలు పెరుగుతున్నాయని ఆయన 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు దాకా 13 సార్లు వడ్డీ రేట్లు పెంచారు. ఇంటి లోను తీసుకున్న కస్టమర్లు కౌంటరు దగ్గరికొచ్చి "ఏమండీ, మీ వాడితో ఒక మాట చెప్పండి" అని నవ్వేవాళ్ళు. ఫిక్సెడ్ డిపాజిట్లు వేసుకున్న పెద్దవాళ్ళు మాత్రం నన్ను చూసి దణ్ణం పెట్టేవాళ్ళు. నా ఇంటి లోను కూడా అప్పుడే నడుస్తోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

రిటైరయ్యాక ఆ డైరీ మా ఇంట్లో ఎక్కడో పోయింది. పోయినా పేర్లు నోటికొచ్చు. దాంట్లో లేని ఒకాయన్ని 2024 ఏప్రిల్‌లో, ఆయన పోయిన వార్తలోనే చూశాను. రామన్ సుబ్బారావు, ఇంగ్లండు క్రికెటరు. తండ్రి మన బాపట్ల వారు, లండన్‌లో లాయరు, తల్లి ఇంగ్లీషావిడ. 1932లో లండన్‌లోనే పుట్టారు. ఎడమచేతి ఓపెనరు, 13 టెస్టులు ఆడారు, 1961లో ఆస్ట్రేలియా మీద మొదటి టెస్టులో 112, ఆఖరి టెస్టులో 137 కొట్టి, ముప్ఫయ్యేళ్ళు రాకుండానే ఆట వదిలేశారు. అంతకుముందు కౌంటీల్లో ఒకసారి ట్రిపుల్ సెంచరీ. 1981-82లో ఇంగ్లండు జట్టు ఇండియాకి వచ్చినప్పుడు మేనేజరు ఆయనే. ఆ సిరీసంతా నేను రేడియోలో కామెంటరీ విన్నాను. ఆ పేరు ఎలా చెవిన పడలేదో!

వాళ్ళ ఇంటిపేరు పంగులూరి అట. అది సముద్రం దాటలేదు. స్కోరుబోర్డు మీద సుబ్బా రో అని పడేదట, మా పేరే ఆయనకు ఇంటిపేరయి కూర్చుంది. ఈ వార్త మా పొట్టి సుబ్బారావుకి పంపించాను. వాడిది బాపట్లే. వాడు అయిదు నిమిషాల్లో ఫోన్ చేశాడు. "మా ఊరివాడు ఆస్ట్రేలియా మీద సెంచరీ కొట్టాడని ఇన్నేళ్ళు నాకెవడూ చెప్పలేదేంట్రా? చిన్నప్పుడు తెలిసుంటే టీమ్‌లో నన్ను పదకొండో వాడిగా దింపనిచ్చేవాణ్ణా!" అని నామీద ఎగిరాడు.